లేవని గీత

మార్చి 3

ఈరోజు నా ప్రొటీన్ తయారైంది. ‘నా’ అనే రాస్తాను, ఎవరు నవ్వినా సరే.

ట్యూబులిన్ అనే ఈ ప్రొటీన్ కావాలంటే చాలామంది జంతువుల మెదడు నుంచి తీసి వాడేస్తారు. అందులో అన్ని రకాలూ కలగాపులగంగా ఉంటాయి. నా ట్యూబులో ఉన్నది మూడో రకం ఒక్కటే. మందులకు లొంగని ట్యూమర్లలో ఎక్కువగా కనిపించే మొండిఘటం. పురుగుల కణాల్లో పెంచి, దీన్ని విడిగా బయటికి లాగేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

వెచ్చబెడితే ముక్కలన్నీ చేరి సన్నటి గొట్టాలవుతాయి. ద్రావణం మసకబారుతుంది, ఆ మసకను కొలిచే మెషీన్ మీద గీత పైకి లేస్తుంది. ఐసులో పెడితే విడిపోతాయి, గీత దిగుతుంది. ఈరోజు లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. మా పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మరోసారి చూశారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

మార్చి 5

పై అంతస్తులో కెమిస్ట్రీ. అక్కడ అక్క ఉంది. అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, ఒకే అత్తగారు.

మూడేళ్ళుగా అక్క ఒకే మాలిక్యూల్ వెంట పడుతోంది. అది మూడో రకం ట్యూబులిన్‌ని గొట్టాలు కట్టనివ్వకూడదు. గొట్టాలు లేకపోతే క్యాన్సర్ కణం రెండుగా విడిపోలేదు. అదీ ఆశ. పరీక్ష నా దగ్గర. వచ్చే శుక్రవారం కమిటీ. ఫెయిలైతే అక్క పని అక్కడితో ఆపేస్తారు.

అత్తయ్య సంబరం చెప్పనలవి కాదు. పెద్దకోడలు విషం తయారు చేస్తుందట, చిన్నకోడలు అది పనిచేస్తుందో లేదో చూస్తుందట, ఇద్దరి చేతి వంటా తినాలంటే తనకు గుండె దడట. పక్కింటివాళ్ళకి ఇదే చెప్పుకుంటున్నారు, గొప్పగా.

మార్చి 10

గీత లేచింది. మందు వేయని దానికంటే వేసిందే ఇంకా తొందరగా లేచింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మందు అడ్డుకోలేదు సరికదా, వెనక నుంచి తోసినట్టుంది.

నిజం రాసుకోవాలి. మొదట కలిగింది బాధ కాదు, గర్వం. చూశారా నా మొండిఘటాన్ని, అనిపించింది. బాధ మెట్లెక్కుతుంటే మొదలైంది. అక్క అంతా విని, పోల్చి చూసే కంట్రోల్ సరిగ్గా వేశావా అని అడిగింది. మందును కరిగించే సాల్వెంట్ ఎప్పటిలాగే ఒక చుక్క వేశానన్నాను, కాస్త కటువుగానే. నన్నా అడగడం!

మార్చి 12

కమిటీ ఆపేసింది.

మార్చి 13

అక్క నాతో మామూలుగానే ఉంది. అదే భరించలేకపోతున్నాను. అత్తయ్య మా ఇద్దరి మొహాలూ చూసి, ఎవరు ఎవరిని ఏమన్నారని నిలదీశారు. ఎవరూ ఏమీ అనలేదంటే నమ్మరే.

మార్చి 15, ఉదయం 11

మిగిలిన మందు వెనక్కి తీసుకెళ్ళడానికి అక్క కిందికొచ్చింది. సీసా ఇచ్చాను. తలకిందులు చేసి చూసింది. అడుగున తడి కూడా లేదు. నెలరోజులు రావాల్సింది ఏం చేశావే, తాగావా ఏంటి, అంది.

నవ్వబోయి ఆగిపోయాను.

మధ్యాహ్నం 2

ఆ మాలిక్యూల్ సరిగ్గా కరగదు. అందుకని అక్క ఈసారి పలచగా కలిపి ఇచ్చింది. డోసు సరిపోవాలని నేను ఒక చుక్క బదులు పది పోశాను. మందు లెక్క తప్పలేదు. కానీ ఆ పది చుక్కల్లో దాదాపు అంతా డీఎంఎస్ఓ, అంటే సాల్వెంటే. గొట్టాలు కట్టించడానికి అంత డీఎంఎస్ఓ ఒక్కటే చాలు. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి మొదటిరోజే చెప్పేది నేను! కంట్రోల్‌లో మాత్రం అలవాటు కొద్దీ ఒక్క చుక్కే వేశాను.

గీతను లేపింది మందు కాదు, సాల్వెంట్.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ నా చేతిమీదుగా వచ్చిన తప్పుడు గీత నా పేరుతో అలా ఉండిపోవడమా? చచ్చినా ఒప్పుకోను. ఇది మంచితనం కాదు, పొగరు. పొగరుకీ అప్పుడప్పుడు పని పడుతుంది.

మార్చి 16

సారు గదిలో నిలబడి మొత్తం చెప్పాను. ఆయన ఎగిరిపడలేదు. కమిటీతో తను మాట్లాడతానని, ఒక్క అవకాశం ఇప్పిస్తానని, ఈసారి మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చేయమని అన్నారు.

అక్కకీ చెప్పాను. పలచగా కలిపింది తనే కాబట్టి ముందే హెచ్చరించాల్సిందని అంది. తప్పు నాదని నేను, కాదు తనదని తను, మెట్లమీదే పోట్లాడుకున్నాం. అందరూ ఆగి చూశారు. ఈ తోడికోడళ్ళ తగువు చూసే భాగ్యం అత్తయ్యకి దక్కలేదు.

మార్చి 22

అక్క మందుని బాగా కరిగే ఉప్పు రూపంలోకి మార్చి, చిక్కగా కరిగించింది. ఇప్పుడు ఒక్క చుక్క చాలు. ఆ పని చేతులు విరగ్గొట్టుకున్నా నా వల్ల కాదు. వాళ్ళ ల్యాబ్‌లో అందరి ముందూ ఆమాటే అన్నాను. అక్క సిగ్గుపడి నన్ను బయటికి నెట్టింది.

రేపు పరీక్ష.

మార్చి 23

ఒకే ట్యూబులోంచి తీసిన ప్రొటీన్, రెంటిలోనూ ఒకే కొలత సాల్వెంట్. మందు లేనిది దర్జాగా లేచింది. మందు వేసింది నేలకు అంటుకుపోయింది. చూశాం, చూశాం. లేవలేదు.

నా ప్రొటీన్ ఓడిపోయింది. అక్క స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. ఇంతలో ఎవరో నోట్లో వేళ్ళు పెట్టుకుని గట్టిగా ఈల వేశారు. అందరూ నావైపు తిరిగారు.