బ్రేకుకు పోసిన ఆముదం

పులివెందుల,
1958 జూన్ 14, శనివారం

నాయనా,

ఈ పొద్దున మన కారు అరవలేదు. నువ్వు పోయాక దాన్ని మామ నడుపుతున్నాడు. కొన్నాళ్ళుగా బ్రేకు తొక్కితే చాలు, వీధంతా వినబడేలా కూసేది. బ్రేకు లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనింగు అరిగేటప్పుడు కీచుమంటుందని, పూర్తిగా అరిగాక ఇనుముకు ఇనుము తగిలి గర్రుమంటుందని చెప్పేవాడివి. ఆ రెండు మాటలూ నాకు ఎంతో నచ్చేవి. నిన్న నేను విన్నది గర్రుమనే చప్పుడే.

"మామా, ఆ కూత యాడికి పోయింది?" అని అడిగాను.

"చక్రం సందులో ఆముదం పోసినాలేరా. బండి ఇరుసే నోరు మూసుకుంటాది, ఇదెంత?" అని నవ్వాడు. మొన్నటిదాకా ఎద్దుల బండి తోలినవాడు కదా.

"నూనె తగిలితే బ్రేకు పట్టదు మామా. లైనింగు మార్పించల్ల."

"నాలుగక్షరాలు వచ్చినాయని నాకే పాఠం చెప్తాండావా, అయ్యవారూ?"

తర్వాత అతను కారును ఇంటి ముందు ఆపబోయాడు. బ్రేకు తొక్కినా అది చప్పుడు లేకుండా జారుతూ పోయి, అరుగుకు తగిలి ఆగింది. "కొత్త నూనె గదా, సర్దుకుంటాది" అన్నాడు. అరిచినప్పటికంటే ఇప్పుడే నాకు ఎక్కువ భయంగా ఉంది.

నెలలు నిండిన అక్కను రేపు మామ ఆ కారులోనే జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతాడట. దారిలో కొండ దిగుడు ఉంది. అక్కడికి రాగానే నువ్వు గేరు తగ్గించి, మాతో మాటలు ఆపేసేవాడివి.

మామ కొట్టినా సరే. రేపు తెల్లవారగానే, అతను లేవకముందే, కారు తాళంచెవి జేబులో వేసుకుని అక్కను మొదటి బస్సు ఎక్కిస్తాను. నేనూ ఆమె పక్కనే కూర్చుంటాను.