స్క్రూ ఒక చుట్టు తిరిగినంత దూరం

చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. మేం ముగ్గురం బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గానీ, అక్షరాలు మరీ చిన్నవయ్యాయి, సరిగ్గా తింటున్నావో లేదోనని అమ్మ బెంగ. అక్షరాలకీ తిండికీ సంబంధమేమిటని అడిగితే నా వంక జాలిగా చూసింది.

అమ్మ మోకాలు మెట్లెక్కేటప్పుడు చప్పుడు చేస్తోంది, నొప్పి మాత్రం లేదట. మన మెషీన్ల షెడ్డు తలుపు ఇంకా కిర్రుమంటూనే ఉంది. నూనె మెషీన్లకే గానీ తలుపులకు కాదని నాన్న పట్టుదల. ఇక అక్కడి కంపెనీ వాళ్ళు సెట్టర్ పని, అదే మెషీన్లకు కొలతలు సరిచూసి పెట్టే పని, ఇస్తామంటే వద్దని చెప్పబోతున్నానని రాశావే, దానికి జవాబు చివర్న చెప్తాను. ముందు నువ్వడిగిన మిల్లింగ్ మెషీన్ సంగతి.

ఈమధ్య మళ్ళీ మళ్ళీ పేచీ పెట్టింది. పొద్దున్నే కరెంటు ఇవ్వగానే టేబుల్ మెల్లగా వెళ్ళి హోమ్ స్విచ్చిని తాకడం, ఆ తర్వాత దాన్ని నడిపే స్క్రూ చుట్టుకొకసారి వచ్చే గుర్తును పట్టుకుని ఇదే నా సున్నా అనుకోవడం నీకు తెలియనిదేం కాదు. నాకు నేను చెప్పుకుంటున్నాను. టేబుల్ ముందుకూ వెనక్కూ కదిలే వై యాక్సిస్ సున్నా కొన్ని రోజులు ఒకచోట, కొన్ని రోజులు ఇంకోచోట. రిపేరు మేస్త్రీ స్విచ్ మార్చాడు, వైరు మార్చాడు, మార్చడానికి ఇంకేమీ దొరక్క టీ తాగి వెళ్ళిపోయాడు.

అప్పుడు నేను రోజూ హోమ్ చేశాక, ఇనుప ముక్కను బిగించి పట్టే వైస్ దవడ ఎక్కడుందో కొలిచి, ఒక పాత నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టాను. పదకొండు రోజుల్లో ఎనిమిది రోజులు ఒకే అంకె. మిగతా మూడు రోజులు దానికి సరిగ్గా పది మిల్లీమీటర్ల తేడా, అంటే స్క్రూ ఒక చుట్టు. ఏదో వదులై ఉంటే తేడా రోజుకో రకంగా ఉండాలి కదా. అప్పుడు అర్థమైంది, స్విచ్ పడే చోటూ స్క్రూ గుర్తు వచ్చే చోటూ దాదాపు ఒక్కటే అయ్యాయి. వెంట్రుకవాసి ముందు పడితే ఈ గుర్తు, వెనక పడితే తర్వాతి గుర్తు. స్విచ్చిని నొక్కే ఇనుప దిమ్మెను అర చుట్టు, అయిదు మిల్లీమీటర్లు, జరిపి బిగించాను. ఇరవై రోజులైంది, అంకె కదల్లేదు.

ఇప్పుడు అసలు మాట. ఈ కాగితం పక్కన పెట్టి రెండుసార్లు లేచి వచ్చాను.

ఆ దిమ్మె దానంతటదే జరగలేదు. నిరుడు దాని కింద చిక్కుకున్న జిడ్డూ ఇనుప రజనూ తుడవడానికి విప్పింది నేనే. గుర్తు గీసుకోకుండా, కంటి అంచనాతో మళ్ళీ బిగించాను. వారం తిరక్కుండానే, నువ్వు సాయంత్రం కొలిచి పెట్టుకున్న పని పొద్దున్న కరెంటు ఇచ్చి మొదలుపెట్టగానే కట్టర్ వెళ్ళి వైస్ దవడలో దిగింది. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని కొలిచావురా?" అన్నారు నాన్న, అందరి ముందూ. నెల తిరక్కుండా అంత దూరాన పని వెతుక్కున్నావు.

నేను అక్కడే ఉన్నాను రా. దిమ్మె గుర్తొచ్చింది. ప్రతిదాన్నీ అనుమానించేదాన్ని, ఆ ఒక్క అనుమానాన్ని మాత్రం నోరు మూసుకోమన్నాను. నీ కొలత తప్పే అయి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అలా నమ్మడం సులువుగా ఉండింది, అంతే. నోటుబుక్కు తెరిచాక ఆ సులువు పోయింది.

నిన్న నాన్నకు అంతా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి వైస్ దవడ మీది గాటును బొటనవేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. "ముందు నువ్వు రాయి. నేనన్న మాట నేనే వెనక్కి తీసుకుంటాను, కానీ అది వాడి ముఖం చూసి చెయ్యాలి," అన్నారు. వచ్చే నెల నీ దగ్గరికి బయల్దేరుతున్నారు. తలుపు గురించి మాత్రం అడక్కు.

నన్ను క్షమించమని ఇప్పుడే అడగను. నీకు కోపం రావాలి, వచ్చాక చూద్దాం. కానీ సెట్టర్ పనికి వాళ్ళు శుక్రవారం దాకా గడువిచ్చారన్నావు, ఆలోపు ఒప్పుకో. నీ కొలత మీద నీకే నమ్మకం పోయిందని, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నానని రాశావు. అద్దాలు కొనకు, చిన్నోడా. ఆ రోజు నువ్వు సరిగ్గానే కొలిచావు.

ఇట్లు,
గుర్తు గీసుకోవడం ఆలస్యంగా నేర్చుకున్న
మీ అక్క