సూది గుచ్చే చోటు

శనివారం, రాత్రి

పీజీలో చేరినాక మా ప్రొఫెసర్ మేడమ్ పనితనం ఇంత దగ్గరగా చూసింది ఈ రోజే, హొసకోట షుగర్ క్యాంపులో.

సోలార్ పార్కులో గడ్డి కోసే నరసక్క వచ్చింది. మూడు నెలలుగా ఆమె షుగర్ దిగలేదు. వచ్చినప్పుడల్లా ఇన్సులిన్ డోసు పెంచింది నేనే. మేడమ్ రిపోర్టు పక్కన పెట్టి, "సూది యాడ ఏసుకుంటావక్కా?" అని అడిగింది.

నరసక్క బొడ్డు పక్కన ఒకే చోటు చూపించింది. "ఈడైతే నొప్పి తెలీదు మేడమ్."

మేడమ్ ఆడ తడిమి, నా చేయి కూడా పెట్టించింది. చర్మం కింద రబ్బరు మాదిరి గట్టిగా ఉండాది. అట్లాంటి చోట మందు సరిగ్గా ఒంటికి పట్టదు. పుస్తకంలో ఆ వాక్యం కింద ఎప్పుడో గీత కూడా గీసుకున్నా, ఆమెను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

మేడమ్ చోటు మార్చమని చెప్పి, వెంటనే డోసు తగ్గించింది. నేను పెంచిన డోసే కొత్త చోట గుచ్చుకొని, మందంతా ఒంటికి పట్టి, షుగర్ మరీ దిగిపోయి, ఆ ప్యానెళ్ల మధ్య పడిపోయింటే ఎవరికి తెలుస్తాది?

పోతా పోతా నరసక్క, "ఈ డాక్టరప్ప నన్ను శానా బాగా చూస్తాడు మేడమ్" అనింది. మేడమ్ నా వైపు చూడకుండానే అవునని తలూపింది.

తిట్టింటే ఈపాటికి నిద్రపోయిందును.