పుస్తకంలో లేని మందు

ప్రియమైన చిట్టీ,

పెద్దసారు ఆ ఎంజైము పని నీకు అప్పగించాడని రాశావు. చదివి కడుపు నిండిపోయింది! రక్తపు గడ్డల్ని కరిగించే ఆ మందు కోసం నాలుగేళ్ళు నేను గొడ్డుచాకిరీ చేస్తే, నివేదికలో నా పేరు కొట్టేసి తన పేరు వేసుకుని, నన్ను ల్యాబులోంచి గెంటేశాడు. ఇప్పుడు చూస్తాడు తమాషా.

నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ ప్రొటీను ముందు విప్పిన దారంలా ఉంటుంది. దాని మీద ముప్పై నాలుగు గంధకపు కొక్కేలు. పదిహేడు జతలు, ఏది దేనికి పడాలో దానికే పడాలి. జాకెట్టుకు ఒక హుక్కు తప్పు పెడితే వరసంతా వంకరపోతుంది కదా, ఇదీ అంతే. నేను అసలు పద్ధతి ఎక్కడా రాయలేదు. వెళ్ళే ముందు ల్యాబు పుస్తకంలో తప్పు పద్ధతి రాసిపెట్టాను. ఏ పేజీ చదవకుండానే 'సరిచూశాను' అని సంతకం గీకడం ఆయనకు అలవాటే కదా, దాని మీదా గీకాడు!

వచ్చే నెల పరిశీలన బృందం ముందు ఆయన పరువు మట్టిలో కలవాలి. నువ్వు నోరు జారకు.

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కా,

నువ్వన్నట్టే అయింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ విరిగిన పాలలా తెల్లటి మడ్డి. తను సంతకం పెట్టిన పేజీని తప్పనలేడు కాబట్టి, తప్పంతా నాదంటున్నాడు. "మీ అక్క రాసిపెట్టింది చూసి చేయడం కూడా చేతకాదా?" అని అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.

బృందం వచ్చేలోగా ఎంజైము రాకపోతే నన్ను తీసేస్తారట. చేతకానిదాన్నని రాసిన కాగితం సిద్ధంగా ఉంది. ఆ కాగితంతో మరే ల్యాబూ నన్ను గడప తొక్కనివ్వదు. అసలు పద్ధతి చెప్పక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టీ,

ఏడవకు. ఉద్యోగం పోతే పోనీ, నా దగ్గరికి వచ్చెయ్. నేను చేరిన ఈ బళ్ళోనే ఇద్దరం పాఠాలు చెప్పుకుందాం.

పద్ధతి మాత్రం చెప్పను. చెబితే మళ్ళీ తన పేరే వేసుకుంటాడు. వాడు తల దించుకునే రోజు కోసమే నేను బతుకుతున్నాను. మధ్యలో నీకు కాస్త దెబ్బ తగులుతుంది, నిజమే. అక్క కోసం ఆ మాత్రం చెయ్యలేవా?

నీ మేలు కోరే
అక్క

*

అక్కకు,

నీ ఉత్తరం చదివి ల్యాబు ఫ్రిజ్ ముందు కూలబడ్డాను. కింది అరలో, వెనకాల ఒక సీసా కనిపించింది. కొక్కేలు విప్పే మందు. తెరిచిన తేదీ సీసా మీద రాయకుండా నువ్వుండలేవు. తేదీ నీ చేతిరాతే. పుస్తకంలో కొక్కేలు కలిపే మందు ఒక్కటే ఉంది. మరి పుస్తకంలో లేని మందు ముప్పావు సీసా ఎలా ఖర్చయింది?

రెండూ కలిపి ఉంటే, తప్పు పడిన కొక్కెం విడిపోయి, తన జత దొరికేదాకా మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటుంది. అంతే కదా? మడ్డిని కరిగించి, కొక్కేలన్నీ విప్పేసి, రెండు మందులూ ఉన్న నీళ్ళలోకి చల్లగదిలో చుక్కచుక్కగా వదిలాను. ఆరోసారి, పళ్ళెంలోని రక్తపు గడ్డ మీద ఒక్క చుక్క వేస్తే గడ్డ కరిగింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

పెద్దసారుకు చెప్పలేదు. నేరుగా బృందం ముందే చేసి చూపించి, నా పుస్తకం పక్కన ఆయన సంతకం పెట్టిన పేజీ తెరిచి పెట్టాను. మర్నాడే ఆయన పదవి ఊడింది. నువ్వు కోరుకున్నదే, సంతోషించు.

తర్వాత వాళ్ళు, "ఈ తప్పు పేజీ రాసిందెవరు? తెలిసే రాశారా?" అని అడిగారు. తెలియదని చెప్పొచ్చు. నాలుగేళ్ళ కష్టం నీదేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది కూడా. కానీ నా నోటి దగ్గర కూడు తీయడానికి నీకు క్షణం పట్టలేదు. సంచిలోంచి నీ ఉత్తరాలు రెండూ తీసి వాళ్ళ బల్ల మీద పెట్టాను.

ఈ సంగతి నీ బడికి కూడా రాస్తారట. పద్ధతి కింద నా పేరు ఒక్కటే ఉంది.

చెల్లెలు