రోజు విడిచి రోజు

అక్కకు రజిత వందనాలు.

నా రాత చూసి నవ్వకు. ఐదో తరగతి తర్వాత పెన్ను పట్టింది సంతకాలకే. తప్పులుంటే నువ్వే సరిచేసుకుని చదువుకో.

బావ, పిల్లలు ఎలా ఉన్నారు? అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బాపు పత్తి ఏరడం అయిపోయిందా? మేమూ బాగున్నామని రాయాలి. కానీ చెయ్యి రావడం లేదు. ఫోనులో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెడతావు, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. అందుకే ఈ ఉత్తరం. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

బెల్లంపల్లి వచ్చి ఏడాది కావస్తోంది. పాత కార్మికులు ఖాళీ చేసిన క్వార్టర్లలో ఒక గది మాది. మధ్యాహ్నం బొగ్గు కోసం పేల్చినప్పుడు గిన్నెలు కదులుతాయి. ఉతికిన బట్టలు ఆరేలోపు నల్లబడతాయి. ఇక్కడి నీళ్లకు పచ్చిపులుసు కూడా మన ఊరి రుచి రాదు. మా ఆయన కాంట్రాక్టరు కింద పనికి పోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాళ్లు లేరు. పక్కింటివాళ్లు మంచివాళ్లే. నాకే సిగ్గు.

రెండేళ్ల కింద నా రక్తంలో హెచ్‌ఐవీ ఉందని చెప్పిన రోజు నా పక్కన నువ్వొక్కదానివే ఉన్నావు. మందులు మొదలుపెట్టాక వైరల్ లోడ్ పరీక్ష చేసి, వైరస్ కనబడనంత తగ్గింది, ఇలాగే రోజూ వేసుకో అన్నారు. హుస్నాబాద్ బస్టాండులో మనిద్దరం సోడా తాగాం, గుర్తుందా? అంత బాగైనదాన్ని నేనే పాడు చేసుకున్నాను అక్కా.

అప్పుడు ఎంత బతిమాలినా ఆయన పరీక్షకు రాలేదు. ఇక్కడికి వచ్చాక చిక్కిపోవడం మొదలైంది. దగ్గు ఆగదు. చివరకు ఎవరికీ చెప్పకుండా ప్రైవేటు ల్యాబులో చేయించుకున్నాడు. కాగితం నాకు చూపించి, ముక్కలు చేసి పారేశాడు. ఆయనకూ ఉంది. ఎవరి నుంచి ఎవరికి అని ఇంతవరకు ఒకరినొకరం అడగలేదు.

నేను మందులు తెచ్చుకునేది మంచిర్యాల పెద్ద దవాఖానలో. కాంట్రాక్టరు పనివాళ్లను ఫిట్‌నెస్ కాగితానికి పంపేది కూడా అక్కడికే. ఎవరైనా చూస్తే పని పోతుందని ఆయన భయం. నేను ఎంత చెప్పినా అక్కడ మందులకు పేరు రాయించుకోలేదు. ఒక రోజు అన్నం పెట్టి, నా సీసాలోంచి ఒక గోలీ తీసి ఆయన పళ్లెం పక్కన పెట్టాను. కూర తక్కువైతే అవ్వ బాపుకే పెట్టి తను మానుకునేది కదా. నేను చేసిందీ అలాంటిదే అనుకున్నాను. ఒక రోజు గోలీ ఆయనకు, ఒక రోజు నాకు. అలా ఆరు నెలలు.

దవాఖానకు సీసా పట్టుకెళితే మిగిలినవి లెక్కపెడతారు. రోజుకొకటి ఖర్చయ్యేది కాబట్టి ఎప్పుడూ సరిపోయేవి. కౌన్సిలర్ మేడం నన్ను చూపించి, ఈ పిల్లలాగా వేసుకోవాలని మిగతావాళ్లకు చెప్పేది. నేను తల వంచుకునేదాన్ని. సిగ్గనుకునేది పాపం.

కడుపుతో ఏడో నెల పడిందని వైరల్ లోడ్‌కు రక్తం తీశారు. పోయిన సోమవారం మేడం నన్ను లోపలికి పిలిచి తలుపు దగ్గరికేసింది.

"రజితా, గోలీలు రోజు ఏస్కుంటున్నవా?"

"ఏస్కుంటున్న మేడం."

"ఒక్కరోజన్న తప్పిందా?"

"తప్పలే."

"మరి గిదేంది బిడ్డా? వైరస్ వేలల్లకు పోయింది. సీసల లెక్క మంచిగనే ఉన్నది, నెత్తురే మంచిగ లేదు."

మందు పనిచేయడం మానేసిందేమో, డాక్టరు చూసి వేరే మందు పెట్టాల్సి వస్తుందేమో అంది. కాన్పు లోపు వైరస్ అణగకపోతే పుట్టే పిల్లకు అంటుకునే ప్రమాదం ఎక్కువ అంది. రెండు వారాలకు మళ్లీ రమ్మంది.

"నీ మనిషిని సుత తోల్కరా. ఆయన పరీక్ష కాగితం ఇప్పటిదాక నేను చూడనే లేదు."

మందు చెడలేదక్కా. మేమే చెడగొట్టాం. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఇగ నాకొద్దు తీ. మొత్తం నువ్వే ఏస్కో. పిల్లకు ఏం గావద్దు."

"మరి నీకు?"

"నాకేంది, గుట్ట లెక్కున్న" అని నవ్వబోయి దగ్గాడు.

"పోదాం రా. నీకు సుత వేరే సీస ఇస్తరు, పైస అడుగరు."

"ఆ వరండల మావోడు ఒక్కడు చూస్తే సాలు. తెల్లారి నన్ను పని బండి ఎక్కనిస్తరా? నువ్వు ఎవ్వలకన్న చెప్పినవో, చూడు."

నా చెయ్యి బైబిలు మీద పెట్టించాడు. దవాఖానలో ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

ఆయన మందు మానేసి ఆరు రోజులైంది. ఇప్పుడు రోజూ నేనే వేసుకుంటున్నాను. నేను గోలీ చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం అటు తిప్పుకుంటాడు. ఆయన నోటి దగ్గరిది లాక్కుని మింగుతున్నట్టుంటుంది. మింగకుండా ఉందామంటే లోపల పిల్ల కదులుతుంది. ఇద్దరిలో ఎవరిని చూసుకోవాలి అక్కా? నన్ను ఎవరూ అడగకుండానే నా చేతిలో పెట్టారు ఇది.

మేడం చెప్పిన సోమవారం రేపటిది కాదు, ఆ పైది. ఆ రోజు నేను నిజం చెప్పేస్తాను. ఒట్టు తప్పుతున్నాను, ఆ పాపం నాదే. మందు మీద నింద వేసి, పిల్లను ప్రమాదంలో పెట్టి ఊరుకోలేను. కానీ చెప్పి ఇంటికి తిరిగొచ్చాక ఆయన ఎదుట ఒక్కదాన్నే నిలబడలేను. కొడతాడని కాదు. ఎటైనా వెళ్లిపోతాడని భయం. మొన్న దగ్గుతూ, "నేను లేకుంటె మీకు పరేషాన్ ఉండది" అన్నాడు.

ముందు రోజు చర్చి అయ్యాక బస్సెక్కు. వదినెవని నీ మాట ఆయన కాదనడు, నీకు తెలుసు. కరీంనగర్‌లోనూ ఈ మందులిస్తారట. అక్కడ ఆయన్ను గుర్తుపట్టేవాళ్లు లేరు. నువ్వు పక్కన కూర్చుంటే వస్తాడేమో. బావకు ఏం చెబుతావో నీ ఇష్టం. కాన్పు దగ్గరపడింది, తొక్కు ఇచ్చి వస్తానని చెప్పు. మామిడి తొక్కు నిజంగానే తీసుకురా, ఈ మధ్య ఆయనకు అన్నం పోవడం లేదు.

అవ్వకూ బాపుకూ నా వందనాలు చెప్పి, నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు. సంఘంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నా పేరు చెప్పకు. నీ మనసులో అనుకో, చాలు.

నీ చెల్లె,
రజిత

చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టు అక్కా. సగం కాలగానే పక్కకు తిరగకు. పూర్తిగా కాలిపోయేదాకా అక్కడే కూర్చో. తర్వాత బస్సు ఎప్పుడుందో కనుక్కో.