పద్నాలుగు సూదులు

3-5-1961, పానగల్

హైదరాబాద్ నుంచి సెలవు మీద వచ్చి రెండు రోజులైంది. ఈరోజు ఒక గొర్రె మేత ముట్టలేదు, చొంగ కారుస్తూ నిలబడింది. గొంతులో ముల్లు ఇరికి ఉంటుందని అన్న ఎల్లేశం నోట్లో చెయ్యి పెట్టి వెతికాడు. దొరకలేదు. నా వేళ్లు సన్నవి కదా అని నేనూ పెట్టాను. చిన్నప్పుడు ఎన్నిసార్లు చేసిన పనో! ఇద్దరికీ దాని పళ్లు గీరుకున్నాయి.

4-5

గొర్రెకు వెనక కాళ్లు పడిపోయాయి. మధ్యాహ్నానికి చచ్చింది. అప్పుడు చెప్పింది వదిన సోమమ్మ, నెల కింద మందలో పిచ్చికుక్క పడిందని.

ఛీ, నా చదువు తగలెయ్య. మెదడు వాపు మీద ఏడేళ్లుగా రిసెర్చ్ చేస్తున్నవాణ్ని, చొంగ చూసి ముల్లు అనుకున్నాను.

5-5

తల కోసుకుని ల్యాబ్‌కు తీసుకెళ్దామంటే, రోగం మందకు అంటకుండా అన్న నిన్ననే సున్నం పోసి పూడ్చేశాడు. తవ్వించాను. మెదడు స్లైడ్‌కు పనికిరాకుండా పోయింది. అది పిచ్చిదో కాదో ఇక తెలియదు.

5-5, సాయంత్రం

ఇద్దరం సూదులు వేయించుకుందామన్నాను. రోజుకొకటి, బొడ్డు చుట్టూ పద్నాలుగు. అన్న రానన్నాడు. తప్పు నాదే. పోయిన దసరాకు వచ్చి గొప్పలు పోయాను: పిచ్చికుక్క మందు గొర్రె మెదడుతోనే చేస్తారు, అది కొందరికి మెదడు వాపు తెచ్చి కాళ్లు పడిపోయేలా చేస్తుంది, అలాంటి పదకొండు మంది ఫైళ్లు నా దగ్గరున్నాయి, నా పేపర్ దాని మీదే అని.

"నువ్వే చెప్పినవు గదా తమ్మీ, గా సూదులతోని కాళ్లు పడిపోతయని. గట్లయితె మందెనుక ఎవరు పోతరు?"

వేలమందిలో ఒకరికే అన్నాను. వినలేదు. రోజూ ముందు నేను వేయించుకుంటా, నా కాళ్లు చూస్తూ ఉండు అన్నాను. అప్పుడు ఒప్పుకున్నాడు. నాకేమైనా అయితే ఆ రోజే మానేస్తాడట.

6-5

నల్లగొండ దవాఖానకు నడిచే వెళ్లాం. రెండు మైళ్లు. ఒకటి అయింది.

9-5

అన్న నా వెనకే నడుస్తాడు. నా మడమలే చూస్తాడు.

12-5

ఏడో ఫైల్ వద్దన్నా గుర్తొస్తోంది. బడిపంతులు. పదో రోజు తిమ్మిరి. పదమూడో రోజు అరికాలు గీరాను. బొటనవేలు కిందికి ముడుచుకోవాలి, పైకి లేచింది. వాపు వెన్నులోకి దిగిందన్నమాట. ఇరవయ్యో రోజు ఆయన మెదడు నా చేతుల్లో ఉంది. రోగం ఎంత స్పష్టంగా కనిపిస్తోందో అని సంబరపడ్డాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. భయంగానూ ఉంది.

14-5

కుడి పాదం తిమ్మిరి.

14-5, మధ్యాహ్నం

దారిలో చెప్పు జారిపోయింది. నాకు తెలియలేదు. అన్న ఏరి తెచ్చి ఇచ్చాడు. వారు తెగిందన్నాను.

15-5

మోకాలి కింద తట్టి రిఫ్లెక్స్ చూసుకున్నాను. కుడివైపు లేదు.

మొదటి తిమ్మిరికే సూది ఆపాలని పేపర్‌లో రాసింది నేనే. కానీ నేను ఆపితే అన్న ఆపుతాడు. ఆ గొర్రె పిచ్చిదే అయితే నీళ్లు చూసి వణుకుతూ చస్తాడు. కాంపౌండర్‌ను బతిమాలి నా వరకు మందుకు బదులు ఉప్పునీళ్లు వేయించుకోవచ్చు. మరి ఆ పిచ్చి నాలోనూ ఉంటే? ఎటు చూసినా చావే కనిపిస్తోంది.

వేయించుకున్నాను. పదోది.

17-5

చేతికి కర్ర వచ్చింది. ఎండదెబ్బ అన్నాను. వదిన నా మొహంలోకి అదేపనిగా చూసింది. ఇంకా రెండు. దేవుడా, రెండు రోజులు నడవనీ.

19-5

అన్న పొట్టలో ఆఖరి సూది దిగేదాకా నిలబడ్డాను. గేటు దగ్గర పడ్డాను.

కుంటి గొర్రెను వేసుకున్నట్టు నన్ను మెడ మీద వేసుకుని మళ్లీ లోపలికి మోశాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. చెప్పనక్కర్లేకపోయింది. చెప్పు తెచ్చి ఇచ్చింది తనే కదా.

"నా కోసం గింత పని చేస్తవా తమ్మీ," అని ఏడ్చాడు.

23-5

అన్న బాగున్నాడు. రోజూ మంచం పక్కన కూర్చుని, డాక్టర్ చేసినట్టే నా అరికాలు గీరి చూస్తున్నాడు. ఇవాళ బొటనవేలు పైకి లేచిందని, కాలికి ప్రాణం వచ్చిందని ఒకటే నవ్వు. వార్డంతా తిరిగి చెప్పి వచ్చాడు.

నేనూ నవ్వాను.