ఎర్ర కాగితపు మంట

అక్టోబరు 6

శ్రీవారికి,

మన పేట విపత్తు శిక్షణలో నిప్పు రాజేయడమే మాన్పించింది మీరే. మూడేళ్ళ కిందట పేట సంఘం అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, ముద్ర వేసి మరీ మాన్పించారు. బదిలీ మీద సప్పొరో వెళ్ళిపోతే ఆ పాపం పోతుందనుకున్నారా?

అక్కడ మీ ఒంట్లో బాగుందని తలుస్తాను. ఇక్కడ నాకు కుడిచేతి మీద రెండు బొబ్బలు తప్ప అంతా కులాసా. తుఫానుకి కిటికీ అద్దాలేమైనా పగిలాయా అని అడిగారు. పగల్లేదు. సంఘం వాళ్ళతో తగాదాలు తగ్గించావా అని కూడా అడిగారు. తగ్గించలేదు. ఫోనులో చెబితే "ఊఁ, ఊఁ" అని పెట్టేస్తారు కనుక రాస్తున్నాను. కూర్చుని చదవండి.

మూడు రోజులు కరెంటు లేదు. మన భవనంలో అన్నీ కరెంటు పొయ్యిలే. పక్కింటి కువాబారా మామ్మగారికి పళ్ళు లేవు, జావ తప్ప గొంతు దిగదు. మొదటి రోజు నీళ్ళలో నానబెట్టిన బిస్కెట్టు రెండు ముద్దలు మింగి, "చాల్లే తల్లీ, ఆకలి లేదు" అన్నారు. రెండో రోజు ఆ మాట కూడా అనలేదు.

మాకేం భయం? ఏటా సెప్టెంబరులో డబ్బా పొయ్యిలు చేస్తున్నాం కదా! రెండు కూల్‌డ్రింకు డబ్బాలు. కిందది పొయ్యి, పైది గిన్నె. పాల అట్టపెట్టెలు కత్తిరించిన పీలికలే కట్టెలు. ఐదుగురు ఆడవాళ్ళం కిందికి దిగి, మొన్న శిక్షణలో చేసినవి బయటికి తీశాం.

నిప్పు తీసేశాక మిగిలింది అలంకారమే కదండీ. మంట బదులు లోపల ఎర్ర కాగితం, బయట పూలబొమ్మలు, అందమైన పొయ్యికి మొదటి బహుమతి. గాలి ఆడే కిటికీలు పెద్దవైతే డబ్బా వికారంగా ఉంటుందని చిక్కుడు గింజంత గుండె ఆకారంలో కోశాం. ఈ ఏడు బహుమతి కార్యదర్శి భార్య నాగాయి గారిది. అగ్గిపుల్ల గీయగానే ముందు దాని మీద అంటించిన పిల్లిబొమ్మ కాలింది.

"అయ్యో, నా పిల్లి!" అందావిడ.

"పిల్లి సంగతి తర్వాత, గాలేదీ?" అంది మూడో అంతస్తు హిరోసే. "ఇవేం కిటికీలక్కా, చీమకైనా ఊపిరాడుతుందా?"

"బహుమతి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టావుగా!"

"చప్పట్లకి జావ ఉడుకుతుందా?"

నేను కత్తెర లాక్కుని ఆ గుండెలన్నీ రెండు వేళ్ళ వెడల్పున చీల్చాను. చెయ్యి కాలింది అప్పుడే. పీలికలు ఒక్కొక్కటే అందించాలని తెలియక గుప్పెడు కుక్కాం, పొగ తప్ప మంట లేదు. మూడోసారికి గానీ ఉడకలేదు. మామ్మగారు మొదటి చెంచా మింగి, "మాడువాసనమ్మా" అన్నారు. వంక పెట్టారంటే ప్రాణం నిలబడినట్టే. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు చెప్పండి. నిప్పు ప్రమాదమని నిప్పు రాజేయడం నేర్పకుండా మానేస్తారా? ఈత నేర్పే చోట నీళ్ళు తోడేస్తారా? పొగ వస్తోందని ఎవరో సంతకం లేని ఉత్తరం పడేస్తే, ఎవరు, ఎందుకని అడక్కుండా, "ఒక్కరికి ఇబ్బందైనా మానేద్దాం" అన్నారు. అందరూ తలూపారు. మనవాళ్ళకి తలూపడమే ప్రజాస్వామ్యం!

ఇంత రాశాక దాచడం నా వల్ల కాదు. ఆ ఉత్తరం నేనే రాశాను. ఎండేసిన పరుపులకు పొగ పట్టిందన్న కోపంలో, చేతిరాత మీరు గుర్తు పడతారని ఎడమ చేత్తో రాసి సంఘం పెట్టెలో వేశాను. చోటు మారుస్తారనుకున్నాను గానీ ఏకంగా నిప్పే తీసేస్తారనుకోలేదు. పేరు దాచుకుని నిందలేసే వాళ్ళను పత్రికలకు రాసే వ్యాసాల్లో ఉతికి ఆరేసేదాన్ని, మూడేళ్ళు పరువు కోసం నోరు మూసుకున్నాను. మామ్మగారి ఎండిన పెదాలు చూస్తుంటే ఆ ఉత్తరమే కళ్ళ ముందు ఆడింది. అయినా మీ తప్పు మీదే. నాది నాకుంది.

ఇరవయ్యో తేదీ ఆదివారం సంఘం సమావేశం. నిప్పు తిరిగి పెట్టాలని నేను తీర్మానం తెస్తున్నాను, ఆ ఉత్తరం నాదని అందరి ముందూ ఒప్పుకునే. మీరు చేయవలసినవి ఇవి:

పంతొమ్మిదో తేదీకి ఇంటికి రండి. ఆఫీసు పని అనకండి.

సభలో లేచి, ఆ నిర్ణయం తప్పని మీ నోటితో చెప్పండి.

అందులో "అప్పటి పరిస్థితుల దృష్ట్యా" అన్న ముక్క ఉండకూడదు.

నా తరఫున ఎవరికీ తల వంచి క్షమాపణ చెప్పకండి.

సభకు ముందు నాతో మామ్మగారి గుమ్మం దాకా రండి. ఆ ఉత్తరం సంగతి ఆవిడకు నేనే చెప్పాలి. మీరేం మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడండి.

ఇట్లు,
కోపం చల్లారని మీ ఆవిడ,
సుమియే